మా ఇంట్లో లైటు మార్చిన సంవత్సరం

సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ ఆకాశంలో నిలపడానికి ముందే వెలుగును పిలిచిన దేవునికి స్తోత్రం. తల్లి గర్భపు చీకట్లో మన లోపలి అవయవాలను అమర్చినవాడికి, వాటిలో ఏది ఎప్పుడు అలసిపోతుందో ఎరిగినవాడికి మహిమ. ఆయన ఇచ్చినప్పుడు స్తుతించడం నాకు తేలికగానే వచ్చింది. తీసుకున్నప్పుడు స్తుతించడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. అయినా ఘనత ఆయనదే. ఈ మాట ముందు రాయకుండా మా అన్నయ్య గురించి ఒక్క ముక్క రాయలేను.

మాది ఉద్దానంలో, గాలి ఇటు తిరిగితే సముద్రం హోరు వినిపించేంత దూరంలో, కొబ్బరి తోటల మధ్య ఊరు. నాన్న మా చిన్నప్పుడే పోయారు. ఆ దుఃఖంలోనే అమ్మ ప్రార్థన మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టి, మమ్మల్నీ వెంట తీసుకెళ్ళింది. నేను అక్కడే పెరిగాను. అక్షరాలూ బైబిలు వాక్యమూ ఒకేసారి నేర్చుకున్నాను. పెద్దయ్యాక ఆదివారాలు చిన్నపిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. అన్నయ్య చదువు మధ్యలో ఆపి కరెంటు పనిలో పడ్డాడు. పలాసలో మోటార్లు బాగుచేసే షాపులో పని నేర్చుకుని, తర్వాత సైకిల్ మీద ఊళ్ళు తిరిగి ఇళ్ళకు వైరింగు చేసేవాడు. తోటల్లో కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టేవాడు. పొద్దు పొడవకముందే వెళ్ళి దీపాల వేళకు వచ్చేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో అతన్ని అందరూ కరెంటు బాబు అనేవారు.

రెండువేల సంవత్సరం దాటిన చాలా ఏళ్ళకు కూడా మా వైపు సాయంత్రం కరెంటు పేరుకే ఉండేది. తోటల్లో మోటార్లన్నీ ఒకేసారి వేసేవారు. ట్యూబులైటు రెండు చివర్లా ఎర్రబడి ఆగిపోయేది. గుండ్రటి బల్బులో తీగ పొయ్యిలో మిగిలిన నిప్పులా కనిపించేది. ఆ వెలుగులో బియ్యంలో రాళ్ళు తెలిసేవి కావు. వదిన వేళ్ళతో తడిమి ఏరేది. నేను వాక్యం చదవాలంటే స్టూలెక్కి బల్బు దగ్గరికి వెళ్ళాల్సిందే.

సన్నగొట్టం చుట్టలు తిరిగిన బల్బులు అప్పటికే పలాసలో చాలా ఇళ్ళకు వచ్చేశాయి. అన్నయ్య వాటిని దాటి ఇంకో అడుగు వేశాడు. ఎల్‌ఈడీ అనే మాట మా ఊళ్ళో మొదట పలికింది అతనే. పాత షాపువాళ్ళు కలకత్తా నుంచి రైల్లో తెప్పించిన పొట్లంలోంచి కందిగింజంత దీపాలు కొన్ని తెచ్చుకున్నాడు. వాటిని ఒక చిన్న పలకమీద వరసలుగా గుచ్చి, వెనకవైపు సీసం కరిగించి అతికించాడు. పాడైన చుట్టల బల్బు ఒకటి విప్పి, దాని అడుగుభాగంలో ఈ పలక కూర్చాడు. పాత సెల్‌ఫోన్ చార్జరు పగలగొట్టి అందులోని ముక్క తగిలించాడు. ఓల్టేజి ఎంత పడిపోయినా ఆ ముక్క దీపాన్ని ఆరిపోనివ్వదని చెప్పాడు. చెప్పినట్టే అయింది. ఊరంతా ఎర్రగా మిణుకుమంటుంటే మా ఇంట్లో ఒక్కచోట తెల్లగా, కదలకుండా వెలిగింది.

అమ్మను మీటరు దగ్గరికి తీసుకెళ్ళి, లోపల తిరిగే చక్రాన్ని చూపించాడు. అది దాదాపు నిలబడిపోయింది.

"సూడే అమ్మా, సక్రం తిరగతందేటి?"

"పాడైపోనాదేమోరా," అంది అమ్మ.

అన్నయ్య పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కాని ఆ వెలుగు మామూలు వెలుగు కాదు. తెలుపులో నీలం కలిసి ఉండేది. ఆ తొలి సాయంత్రం చేపల పులుసులో ఎరుపు పోయి బురదలా కనిపించింది. అమ్మ చేతుల మీద నరాలు తేలాయి. వదిన నుదుటి చర్మం గోడకు వేసిన సున్నంలా ఉంది. లైటు చూడ్డానికి భార్య వెనకే వచ్చిన పక్కింటాయన, అన్నయ్యతో బావా బావా అని మాట్లాడే మనిషి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటి బావా ఇది, పీనుగుల గదిలో దీపమేటి? మా యావిడి ఇప్పుడే సచ్చి లేచొచ్చినట్టున్నాది."

"కరెంటు తినదు బావా. నీలాగ కాదు," అన్నాడు అన్నయ్య.

వీధంతా ఆ మాటకు నవ్వింది. తర్వాత ఎవరు మా ఇంటికి వచ్చినా, ఆ లైటు కింద ఒకరి ముఖం ఒకరికి చూపించుకుని శవం అని వేళాకోళం చేసుకునేవారు. అలా మాకొక అలవాటు పడింది. ఆ లైటు కింద ముఖం ఎలా ఉన్నా అది లైటు గుణమే అనుకునేవాళ్ళం.

వదినది సోంపేట వైపు ఊరు. అప్పటికి వాళ్ళకు నాలుగేళ్ళ పాప. కిడ్నీ అనే ఇంగ్లీషు మాట మా ఉద్దానంలో పసిపిల్లలకు కూడా తెలుసు గాని, వదినకు అది మాటగా తెలిసింది కాదు. ఆమె తండ్రి ఆ రోగంతోనే పోయాడు, మేనమామ పోయాడు. నీళ్ళ వల్ల అనేవారు కొందరు, మట్టి వల్ల అనేవారు కొందరు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి సీసాల్లో మా నీళ్ళు పట్టుకెళ్ళేవారు. ఎందుకొస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఎలా మొదలవుతుందో మాత్రం వదిన కళ్ళారా చూసింది.

లైటు మార్చిన కొన్నాళ్ళకే ఆమె గమనించింది. అన్నం తింటున్న అన్నయ్య ఎదుట కూర్చుని నెమ్మదిగా అంది.

"మావా, నీ కళ్ళ కింద ఉబ్బున్నాది. ముకం పాలిపోనాది."

"లైటే పిల్లా. నీ ముకం నువ్వు సూసుకున్నావేటి? అద్దం తే."

ఆమె అద్దం తేలేదు. నేను తెచ్చాను. ముగ్గురం ఒక్కొక్కరుగా చూసుకున్నాం. ముగ్గురమూ పాలిపోయే ఉన్నాం. కరెంటు సంగతి తెలిసినవాడు కాబట్టి అన్నయ్య మాటకు విలువ ఎక్కువ. పాత బల్బులో ఎరుపు ఉంటుందనీ, అది ముఖానికి రంగు పూస్తుందనీ, ఇందులో ఎరుపు లేదనీ వివరంగా చెప్పాడు. చెప్పింది నిజమే. అందుకే మేం నమ్మాం. వదిన మాత్రం అతని కాళ్ళ వంక చూస్తూ ఉంది. చెప్పుల పట్టీ అచ్చు పాదం మీద గాడిలా దిగి ఉంది.

పగలు అతన్ని చూసినవాళ్ళకు ఇంకో కారణం దొరికేది. అతను నల్లబడుతున్నాడు. స్తంభాల మీద, తోటల్లో ఎండలో పని, నల్లబడక ఏమవుతాడని అనేవారు. నడుము నొప్పి అంటే నిచ్చెన ఎక్కి దిగడం వల్ల అనేవారు. ఆ నొప్పికి కిరాణా కొట్టులో దొరికే బిళ్ళలు మింగేవాడు. మా ఊళ్ళో కష్టం చేసుకునే ప్రతి మనిషి జేబులోనూ ఆ బిళ్ళలు ఉంటాయి. అవి కూడా కిడ్నీలను తినేస్తాయని తర్వాత డాక్టరు చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు.

ఒకరోజు బావి దగ్గర వదిన నాతో అంది. "ఎండలోన నల్లగున్నాడంతారు, ఇంట్లోన తెల్లగున్నాడంతారు. మడిసి ఎలగున్నాడో ఎవులు సూత్తారు వదినా?"

ఆమె అడిగింది ఒకటే. పలాస వెళ్ళి ఒక్కసారి రక్తం పరీక్ష చేయిద్దామని. తొందరగా తెలిస్తే మందులతో, పథ్యంతో కొన్నేళ్ళు నెట్టుకు రావచ్చునని ఆమెకు తెలుసు. ఆమె మేనమామ అలాగే నెట్టుకొచ్చాడు. తండ్రికి ఆలస్యంగా తెలిసింది. అమ్మ ఆ మాట వినలేకపోయింది. పుట్టింటి శని మోసుకొచ్చి నా కొడుకు నెత్తిన పెడుతోందని గొణిగింది. అమ్మకు ఇంకో భయం కూడా ఉండేది. కిడ్నీ ఉన్న ఇల్లని పేరు పడితే ఆ ఇంటి పిల్లను ఎవరూ చేసుకోరు. ఇంట్లో నేనున్నాను.

ఒక ఆదివారం అన్నయ్య మందిరానికి ఉబ్బిన ముఖంతో వచ్చాడు. పొద్దున్నే అలా ఉండేది. అమ్మ ఆరాధన అయ్యాక మందిరం నడిపే అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళి, ఒంట్లో నలతగా ఉంది ప్రార్థన చేయండని అడిగింది. ఏ నలతో చెప్పలేదు. అయ్యగారు నూనె రాసి, తలమీద చేయి పెట్టి ప్రార్థించారు. సంఘమంతా చేతులెత్తింది. నేనూ ఎత్తాను. ఆ ప్రార్థన కపటం కాదు. దేవుడు స్వస్థపరుస్తాడని నేను అప్పుడు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఆ వారంలోనే శుక్రవారం మా ఇంట్లో గృహ కూడిక. మా సంఘంలో శుక్రవారాలు వంతులవారీగా ఒక్కో ఇంట్లో కూడుకుంటాం. సాయంత్రం పనులనుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టు చాపలమీద కూర్చుంటారు. పాటలు, వాక్యం, సాక్ష్యాలు, తర్వాత టీ. ముందే వచ్చిన ఒక ముసలామె మా లైటు చూసి ముఖం తిప్పుకుంది. ఈ వెలుతురులో ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ పాడలేమంది. అయ్యగారు కూడా కళ్ళు నులుముకుంటూ, పాత బల్బు ఉంటే పెట్టు బాబూ అన్నారు. అన్నయ్య నవ్వుతూ స్టూలెక్కి తన లైటు విప్పి పక్కన పెట్టి, పాత బల్బు బిగించాడు.

గది ఎర్రబడింది. అందరి ముఖాల్లోకీ రక్తం వచ్చినట్టయింది. అన్నయ్య స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బల్బుకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. ముఖంలో ఉబ్బు కూడా తగ్గింది. పొద్దున్న ఉబ్బి సాయంత్రానికి కొంత దిగడం ఆ రోగానికి మామూలేనని మాకు అప్పుడు తెలియదు. ఎవరో ఒకామె, బాబు ముఖంలో కళ వచ్చిందంది. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. నిజమే అన్నారు.

సాక్ష్యాల వేళ అమ్మ లేచింది. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని మనిషి. కొంగు తలమీదికి లాక్కుని, ఏడుస్తూ చెప్పింది.

"నా కొడుకు ముకం సూడండి. పోయినాదివారం ఎలగున్నాది, ఇయ్యాల ఎలగున్నాది. ప్రబువు ముట్టీసినాడు."

గదిలో స్తోత్రాలు మారుమోగాయి. అయ్యగారు అన్నయ్య వంక చూసి, నువ్వు కూడా ఒక మాట చెప్పు బాబూ అన్నారు. అన్నయ్య లేచి నిలబడ్డాడు. అమ్మను చూశాడు. తర్వాత, ఒంట్లో తేలిగ్గా ఉందని, దేవుడు తనకు మేలు చేశాడని చెప్పాడు. అబద్ధం చెప్పానని అతను అనుకుని ఉండడు. ఆ సాయంత్రం, ఆ పాటల మధ్య, నిజంగానే తేలిగ్గా అనిపించి ఉంటుంది. వదిన వంటగది గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె స్తోత్రం అనలేదు. అది ఇద్దరు ముగ్గురు గమనించారు.

మా సంఘంలో సాక్ష్యం అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. అది నోటిమాట కాదు. స్వస్థత పొందానని సంఘంలో లేచి చెప్పిన మనిషి, ఆ తర్వాత అదే రోగానికి ఆసుపత్రికి వెళితే, దేవుడు చేసినదాన్ని కాదన్నట్టు. వెళ్ళొద్దని ఎవరూ శాసించరు. అయ్యగారు కూడా ఎప్పుడూ అలా బోధించలేదు. అయినా ఎవరూ వెళ్ళరు. అన్నయ్యకు పలాస దారి ఆ శుక్రవారంతో మూసుకుపోయింది.

పాత బల్బు ఆ తర్వాత దిగలేదు. దెయ్యపు లైటు నా కళ్ళముందు పెట్టొద్దని అమ్మ అంది. అన్నయ్య దాన్ని తీసుకెళ్ళి వంటగదిలో బిగించాడు. అక్కడ వదిన ఒక్కతే ఉండేది. ఆమె అప్పటినుంచి అతనికి అన్నం వంటగదిలోనే పెట్టేది. ముందుగదిలో అమ్మా నేనూ అతన్ని ఎర్రటి వెలుగులో చూసి స్తుతించేవాళ్ళం. గోడకు అటువైపు వదిన అతన్ని ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూసేది.

వర్షాలు వెళ్ళాయి. చలికాలం వచ్చింది. అన్నయ్య అన్నం వదిలేయడం మొదలుపెట్టాడు. ఏది తిన్నా నోట్లో ఇనుము పెట్టుకున్నట్టుందనేవాడు. ఒళ్ళు గోక్కునేవాడు. పొద్దున్నే కొబ్బరి చెట్టు మొదట్లో వంగి వాంతి చేసుకుని, నీళ్ళు పుక్కిలించి, సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. వదిన ఒకసారి అయ్యగారింటికి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను. పరీక్షకు వెళ్ళమని మీరొక మాట చెప్పండని ఆమె బతిమాలింది. అయ్యగారు చెడ్డవారు కారు. "నేను వద్దనలేదమ్మా," అన్నారు. "కాని అబ్బాయి తన నోటితో చెప్పాడు. అతని విశ్వాసానికీ దేవునికీ మధ్యకి నేనెలా వస్తాను?"

దారిలో వదిన ఏడవలేదు. తనకు కళ్ళు తిరుగుతున్నాయని ఆ మర్నాడే ఇంట్లో చెప్పింది. నిజంగానే పడిపోయినట్టు పొయ్యి ముందు కూలబడింది. భార్యకు జబ్బంటే అన్నయ్య ఆగలేదు. ఆటో మాట్లాడి పలాస తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. రక్తం తీసే గదిలో వదిన చేయి వెనక్కి లాక్కుని, తనకు భయమేస్తోందని, ముందు నువ్వు పొడిపించుకో అని పట్టుబట్టింది. అన్నయ్యకు అర్థమైంది. ఆమె ముఖం వైపు చూసి చిన్నగా నవ్వాడు.

"మా యావిడికి బయమట. నాకు పొడిసీండి," అని చేయి చాపాడు.

సాక్ష్యం పోకుండా పరీక్ష చేయించుకునే దారి ఆమె అతనికి తెరిచింది. దానికోసం అతను ఎంతగా ఎదురుచూశాడో అప్పుడు చూశాను.

ఫలితం చూసినవాళ్ళు టెక్కలిలో ఒక డాక్టరు దగ్గరికి పంపించారు. ఆయన అన్నయ్యను కిటికీ దగ్గర నిలబెట్టి, కింది కనురెప్ప లాగి చూశారు. అరచేతులు చూశారు. పాదాన్ని బొటనవేలితో నొక్కి, పడిన గుంట నిండేదాకా చూస్తూ నిలబడ్డారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

అన్నయ్య ఆలోచించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. "లైటు మార్సినకాడ్నించండి."

డాక్టరు గారికి ఏమీ అర్థం కాలేదు. మా ఇద్దరి వైపూ చూశారు. వదిన గోడకేసి తిరిగి, నోట్లో కొంగు కుక్కుకుంది. వాపు మొదలైనప్పుడే వచ్చి ఉంటే చేయడానికి కొంత ఉండేదనీ, ఇప్పుడు రెండు కిడ్నీలూ దాదాపు ఆగిపోయాయనీ, ఇక విశాఖపట్నంలో యంత్రంతో రక్తం శుభ్రం చేయించడమే మార్గమనీ ఆయన చెప్పారు. నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పారు. రోజూ ఎందరికో ఆ మాటే చెప్పే గొంతు అది.

పలాస స్టేషన్ అప్పుడు మాకు బాగా తెలిసింది. మా ఉద్దానం నుంచి అదే పనిమీద వెళ్ళేవాళ్ళు ఆ బండిలో ఇంకా ఉండేవారు. ఒకరినొకరు చూడగానే తెలిసిపోయేది. జీడిపప్పు డబ్బాలు, ఎండుచేపల గంపలు, వాటి మధ్య కూర్చున్న నల్లబడిన మనుషులు. వెళ్ళేటప్పుడు అన్నయ్య కూర్చుని వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు వదిన ఒడిలో తల పెట్టుకుని వచ్చేవాడు. ఎండాకాలం ముగిసేసరికి ఇక రానన్నాడు. బలవంతం చేసే శక్తి మాలో ఎవరికీ లేదు.

ఊళ్ళో మాట ఇంకోలా తిరిగింది. అంతవరకూ సైకిల్ తొక్కిన మనిషి పరీక్ష చేయించుకున్నాకే మంచం పట్టాడని అన్నారు. అమ్మ ఆ మాటను పట్టుకుంది. పట్టుకోవడానికి ఆమెకు ఇంకేమీ లేదు.

"రగతం తీయించినాకే కదా రోగం దిగినాది," అనేది వదిన ముందే. "అంతవరకూ నా కొడుకు బాగానే ఉన్నాడు."

వదిన అన్నయ్య కాళ్ళు ఒత్తుతూ కూర్చునేది. ఒక్కసారి అన్నయ్యే, లేవలేని గొంతుతో, "దాన్ననకే అమ్మా. నన్ను సూసింది అదొక్కతే," అన్నాడు. అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక సంగతి అతని చెవిన పడింది. మా సంఘంలో కొబ్బరికాయలు దింపే ఒక పెద్దాయనకు కాళ్ళు వాచాయి. కొడుకులు పరీక్షకు రమ్మంటే ఆయన రానన్నాడట. కరెంటు బాబుకు ప్రార్థనతో తగ్గింది కదా, నాకూ తగ్గుతుంది అన్నాడట. మా అన్నయ్య మంచం మీద ఉన్నాడని చెబితే, అది అవిశ్వాసంతో రక్తం తీయించుకున్నందుకు అన్నాడట.

అన్నయ్య నన్ను పిలిచాడు. మంచం పట్టె మీద కూర్చోమన్నాడు.

"సెల్లీ, నన్ను మందిరానికి ఎత్తుకెల్లండి. నాను సెప్పిన సాక్ష్యం నానే ఎనక్కి తీసుకోవాల. నాకు తగ్గనేదు. నాకెప్పుడూ తగ్గనేదు. ఆ ముసిలాయనికి సెప్పాల."

ఆదివారం తీసుకెళతామని మాటిచ్చాను. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. చచ్చేముందు నా బిడ్డ దేవుణ్ణి కాదన్నాడనిపించుకోవడం నేను చూడలేనంది. దేవుణ్ణి కాదనడం కాదని చెప్పాను. నాకు తెలిసిన వాక్యమంతా ఆమె ముందు పెట్టాను. ఆమె వినలేదు. వదిన, నేను ఎలాగైనా మోసుకెళ్ళాలనుకున్నాం. ఆదివారం రాకముందే అన్నయ్య వెళ్ళిపోయాడు. వాన పడుతోంది. తోటలోంచి ఎవరో మోటారు బాగుచేయాలి, కరెంటు బాబు ఉన్నాడా అని కేకేస్తూ వచ్చారు.

భూస్థాపన అయ్యాక నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని, అన్నయ్య చెప్పమన్న మాట చెప్పాను. ఆయన వాచిన కాళ్ళు ముందుకు చాపుకుని శ్రద్ధగా విన్నాడు. నా తల నిమిరాడు.

"అది నువ్వు సెప్తన్నావమ్మా," అన్నాడు. "ఆ బాబు సంగంలోన లేచి సెప్పినాడు."

సంఘంలో చెప్పిన మాట సంఘంలోనే తిరగాలి. అది మా పద్ధతి. నేను అయ్యగారిని అడిగాను. ఆదివారం ఒక్క నిమిషం నిలబడి అన్నయ్య మాట చెబుతానన్నాను. ఆయన నాతో పాటు ఏడ్చారు. తల్లి గుండె పచ్చిగా ఉంది, కొన్నాళ్ళు ఆగుదామన్నారు. ఆగాం. మళ్ళీ ఎండలు ముదిరేసరికి ఆ పెద్దాయన కూడా పోయాడు. పరీక్ష చేయించుకోకుండానే పోయాడు.

వదిన పాపను తీసుకుని పలాస వెళ్ళిపోయింది. అక్కడ జీడిపప్పు పొట్టు తీసే పనిలో చేరింది. మందిరానికి రావడం మానేసింది. ఏ మందిరానికీ వెళ్ళడం లేదని విన్నాను. వెళ్ళి చూసినప్పుడల్లా ఆమె నాకు అన్నం పెడుతుంది. దేవుడి ఊసెత్తితే లేచి లోపలికి వెళుతుంది. ఆమెకు నేను వాక్యం చెప్పను. ఆమె ముందుగా వినాల్సింది అమ్మ నోట క్షమించమన్న మాట. అమ్మ ఇంతవరకూ అనలేదు.

దేవుడు మా ఇంట్లో అబద్ధమాడలేదు. మేం చూడాలనుకున్నదాన్ని చూసి, దానికి ఆయన పేరు పెట్టాం. ఆయన పంపిన సహాయం సోంపేట నుంచి కోడలిగా వచ్చి మా వంటగదిలో నిలబడి ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా మా వైపు ఏదో ఒక ఇంట్లో ఒక మనిషి ఉబ్బిన కాళ్ళను పంచె కింద దాచుకుని కూర్చునే ఉంటాడు. అన్నయ్య చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఇది: అతనికి తగ్గలేదు. సంఘంలో నిలబడి చెప్పడానికి నాకు ఇంకా చోటు దొరకలేదు. మీ ముందు నిలబడి చెబుతున్నాను.

చదివినవారు ఎవరైనా, ఏ మందిరంలో మోకరించేవారైనా, ఒక్కసారి నాతో కలిసి తల వంచండి. పొద్దున్నే ఒంటరిగా వాంతి చేసుకుని పనికి వెళ్ళే మనిషిని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలని అడగండి. భర్త కోసం భయపడి నోరు తెరిచిన ఆడమనిషి మాట ఆ ఇంట్లో నిలబడాలని అడగండి. మా అమ్మ పెద్దదైపోయింది. పలాస వెళ్ళి, ఆ పిల్ల చేతులు పట్టుకుని, అనాల్సిన మాట అనేదాకా ఆమెకు ఆయుష్షు ఇమ్మని అడగండి. అన్నయ్య కోసం కూడా ఒక మాట చెప్పండి. అతను ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నాడో ఆయనకు అతని లోపలి అవయవాలన్నీ తెలుసు. రండి, ప్రార్థన చేద్దాం.